గోడవైపు మంచం

ఆ రోజుల్లో పెద్ద జ్వరానికి, అదే టైఫాయిడ్‌కు, మందు లేదు. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. మూడు వారాలో నాలుగు వారాలో అది మనిషిని పిండి ఆరేసి, తన మానాన తాను పోవాలి, లేదా మనిషిని వెంట తీసుకుపోవాలి. డాక్టరుగారు వచ్చి నాడి చూసి, నాలుక చూసి, పొట్ట మెల్లగా నొక్కి, మావైపు తిరిగి జాగ్రత్తగా చూసుకోండి అని చెప్పి వెళ్లిపోయేవారు. ఆ జాగ్రత్తగా చూసుకోవడమే అసలు వైద్యం. తడిగుడ్డతో ఒళ్లు తుడవడం, నోరు శుభ్రం చేయడం, చెంచాతో బార్లీ నీళ్లు పోయడం, పక్క మార్చడం. ఇవన్నీ చేసేది ఎవరంటే, నిన్నమొన్నటిదాకా ఇళ్లల్లో ఆవులు కాసుకుంటూ ఉండిన నాలాంటి పద్దెనిమిదేళ్ల పిల్లలు. ఇప్పుడు తలుచుకుంటే నాకు భయం వేస్తుంది. అప్పుడు వేయలేదు. అప్పుడు నా తలమీద గంజి పెట్టిన తెల్లటోపీ ఉండేది. అది తలమీద ఉన్నంతసేపూ నాకు తెలియనిది లేదనుకునేదాన్ని.

మాది పలమనేరు దగ్గర పల్లె. నాయన ఆస్తి అంతా కలిపి రెండు ఆవులు, కాస్త చేను, నేను. నన్ను చిత్తూరులో ఒక మిషన్ ఆస్పత్రిలో నర్సుపనికి చేర్చి, మా పాప మనుషుల్ని బతికించే చదువు చదువుతా ఉండాదని ఊళ్లో ప్రతి గడపలోనూ చెప్పుకున్నాడట. (పాలు పోయించుకునేవాళ్లకు ఆ మాట కూడా కలిపి పోసేవాడని మా చిన్నాన్న అనేవాడు.) అందుకని ఆస్పత్రిలో నాకు చీవాట్లు పడినప్పుడల్లా కళ్లముందు నాయనే కనిపించేవాడు. చీవాట్లు పెట్టేది మేట్రనమ్మ. ఆమె ఆర్కాడు వైపు మనిషి. మామూలుగా ఉంటే తెలుగు మాట్లాడేది, కోపం వస్తే అరవం మాట్లాడేది, మరీ కోపం వస్తే ఏమీ మాట్లాడేది కాదు. ఆ మూడో రకానికే మేమంతా వణికేవాళ్లం.

యుద్ధం నడుస్తున్న కాలం. బియ్యం, కిరసనాయిలు, గుడ్డ, ఏదీ సరిగ్గా దొరకదు. ఆస్పత్రికి వచ్చే స్పిరిటు కూడా తగ్గిపోయింది. మాకు స్పిరిటంటే చాలా అవసరం. మంచాన పడినవాళ్ల వీపుకూ నడుముకూ దాన్ని రుద్ది, పైన పౌడరు చల్లితే పుండ్లు పడవని పుస్తకాల్లో ఉండేది, మా వార్డులో అందరికంటే సీనియర్ నర్సు అరచేతుల్లోనూ ఉండేది. ఆమె రోజంతా రుద్దుతూనే ఉండేది కాబట్టి ఆమెకు స్పిరిటక్క అని పేరు. మేట్రనమ్మకు మాత్రం ఎప్పటినుంచో ఒక అనుమానం ఉన్నట్టుంది. పుండు పడకుండా కాపాడేది స్పిరిటా, లేక రుద్దడానికని మనిషిని అటూ ఇటూ తిప్పుతున్నామే, ఆ తిప్పడమా? ఆమె వాదించే మనిషి కాదు. ఆడవాళ్ల వార్డులో కిటికీవైపు మంచాలకు ఎప్పటిలా పొద్దునా సాయంత్రం స్పిరిటూ పౌడరూ, గోడవైపు మంచాలకు అవేమీ లేకుండా రెండు గంటలకోసారి పక్క మార్చడం, అంతే, అని ఆజ్ఞ వేసింది. గోడవైపు ప్రతి మంచం కాళ్లదగ్గర ఒక పలక వేలాడదీసి, ఎడమ, వెల్లకిల, కుడి అని తిప్పినప్పుడల్లా గుర్తు పెట్టమంది. తన బల్లమీద ఒక లావుపాటి పుస్తకం పెట్టుకుని, రెండు నెలలు చూసి రాసుకుందాం, తర్వాత మాట్లాడుకుందాం అంది. నేను గోడవైపు పడ్డాను.

గోడవైపు నాలుగో మంచంలోకి బంగారుపాళ్యం దగ్గర మామిడితోటల వాళ్ల కోడలొకతి వచ్చింది. మా ఈడుదే, మహా అయితే రెండేళ్లు పెద్ద. జ్వరం అప్పటికే మూడో వారంలో ఉంది. మనిషి ఎముకల గూడై, కళ్లు సగం మూసి, ఏదో గొణుగుతూ ఉండేది. ఇంట్లో పాలు తాగే బిడ్డను వదిలి వచ్చింది. పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సులో ఆమె తలను ఒళ్లో పెట్టుకుని తెచ్చింది ఆమె అత్త. అత్తంటే ఎలా ఉంటుందో మనకు కథల్లో చెప్పారే, ఆ రకం కాదు. కోడలి నోట్లో బార్లీ నీళ్లు దిగితే తన గొంతు కూడా కదిలేది. డాక్టరుగారు ఆమెను పక్కకు పిలిచి, జ్వరాన్ని ఈ పిల్ల తట్టుకోవచ్చు గానీ, ఇంత బక్క ఒంటికి వీపున పుండు పడి చీము పట్టిందంటే మాత్రం నిలబడదని దాచకుండా చెప్పేశారు. అప్పటినుంచి ఆ అత్త చూపంతా కిటికీవైపే.

ఎందుకంటే అక్కడ స్పిరిటు వాసన వచ్చేది. ఆస్పత్రి అంటే మందు వాసన రావాలి కదా. అటువైపు వాళ్లకు చల్లగా రుద్ది, తెల్లగా పౌడరు చల్లి, చూడటానికే వైద్యంలా ఉండేది. ఇటువైపు మేమిద్దరం నర్సులం వచ్చి, మూలిగే పిల్లను పట్టుకుని పక్కకు దొర్లించి, వీపు వెనక దిండు పెట్టి పోయేవాళ్లం. రెండో రోజు ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఆ పక్కోళ్లకు మందు రుద్దతా ఉండారు. మా బిడ్డను ఊరికే పొర్లిస్తా ఉండారు. మేమేం తప్పు చేసినాము పాపా?" అంది. ఆ పొర్లించడమే మందని చెప్పడానికి నాకూ నమ్మకం లేదు కదా. పుస్తకంలో ఉన్నదొకటి, మేట్రనమ్మ చేయించేదొకటి. అంత చదువుకున్నావిడ స్పిరిటు మిగుల్చుకోవడానికి ఒక ప్రాణంతో ఆటలాడుతోందని నా టోపీ కింద బుర్రకు తోచింది.

స్పిరిటక్క తన వాటాలోంచి ఒక చిన్న సీసా నాకిచ్చింది. ముప్పయ్యేళ్లుగా తాను రుద్దిన వీపుల మీద ఆమెకున్న నమ్మకం అది, ఆమెనేమీ అనడానికి లేదు. నేను దాన్ని నడుముకు దోపుకుని, తెర అడ్డంపెట్టి, ఆ పిల్లను కొంచెం ఒకవైపు ఎత్తి, వీపుకు రుద్ది, మళ్లీ వెల్లకిలా దించేదాన్ని. అత్త ఆ వాసన పీల్చి నన్ను దీవించేది. ఇంక పక్క మార్చడం ఎందుకని ఇద్దరం అనుకున్నాం. మార్చినప్పుడల్లా పిల్ల మూలిగేది, అత్త కళ్లనీళ్లు పెట్టుకునేది. మనుషులు చాలక ఆ వారమంతా పగలూ రాత్రీ గోడవైపు పని మా ఇద్దరిదే. నాతో కలిసి తిప్పాల్సిన నర్సుపిల్లను నేను చూసుకుంటాలే అని పక్క మంచాలకు పంపేసేదాన్ని. పలకమీద మాత్రం ఎడమ, వెల్లకిల, కుడి అని ఎక్కడా తప్పకుండా, రెండు గంటలకోసారి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. నా దస్తూరిని మేట్రనమ్మ ఒకసారి మెచ్చుకుంది కూడా. మంచిపని చేస్తున్నానన్న సంతోషంతో ఆ మూడు రోజులూ కడుపునిండా అన్నం తిన్నాను.

నాలుగో రోజు పొద్దున దుప్పటి మారుస్తుంటే ఆ పిల్ల నడుము కింద, ఎముక దగ్గర, రూపాయంత మేర ఎర్రగా కమిలి ఉంది. మధ్యాహ్నానికి తోలు చిట్లింది. నా చేతిలో సీసా ఉంది, వాసన ఉంది, పుండూ ఉంది. మేట్రనమ్మ వచ్చింది. వంగి చూసింది. పలక తీసి చదివింది. ఎక్కడా తప్పులేదు. ఆమె మొహం ఎప్పుడూ అలా చూడలేదు నేను, ఒక్కసారిగా పదేళ్లు మీదపడ్డట్టు అయిపోయింది. కోపం కాదది. కోడలి అత్త ముందు తల వంచుకుని, తప్పు నాదేనమ్మా అని మెల్లగా తెలుగులో చెప్పింది. నావైపు తిరిగి, పక్క మార్చడం ఈ రోజుతో ఆపేయండి, గోడవైపు పలకలన్నీ తీసేయండి, ఎంత కష్టమైనా అందరికీ స్పిరిటే వాడదాం అంది.

నేను గోడవైపు మంచాల వరస చూశాను. అయిదో మంచంలో పక్షవాతం వచ్చిన ముసలావిడ ఉండేది. వచ్చి నెల దాటినా వీపు మీద చిన్న మచ్చ కూడా లేదు, ఆమెను మేము నిజంగానే తిప్పాం కాబట్టి. ఆ తర్వాతి మంచం కూడా అంతే, ఆ తర్వాతిదీ అంతే. నా ముత్యాల్లాంటి అక్షరాల వల్ల రేపటినుంచి వీళ్లెవరినీ తిప్పరు. నోరు మూసుకుంటే నా టోపీ నిలుస్తుంది. నాయన మొహం కళ్లముందుకు వచ్చింది, కానీ దానికి పక్కనే ఆ చిట్లిన తోలు కూడా వచ్చింది. "నేను తిప్పలేదమ్మా. తిప్పినట్టు రాసినాను" అన్నాను. సీసా తీసి చూపించాను. స్పిరిటక్క పేరు చెప్పలేదు. ఆమే ముందుకొచ్చి, ఇచ్చింది నేనేనని చెప్పింది.

మేట్రనమ్మ ఏమీ మాట్లాడలేదు. మూడో రకం. చాలాసేపటికి, వార్డు మధ్యలో ఖాళీగా ఉన్న మంచం చూపించి, "పడుకో. వెల్లకిలా. రెండు గంటలు కదలకూడదు" అంది. నేను టోపీతో సహా పడుకున్నాను. మొదట ఇంతేనా అనిపించింది. వారం రోజులుగా నడుం వాల్చని దాన్ని, హాయిగా నిద్రపోవచ్చనుకున్నాను. సందర్శకుల వేళయింది. పళ్లూ గిన్నెలూ పట్టుకుని వచ్చినవాళ్లు నా చుట్టూ చేరారు. నర్సమ్మకే జబ్బు చేస్తే మన గతేందని ఒకావిడ బెంగపడింది. ఇంకొకావిడ నా కాళ్లదగ్గర దండం పెట్టుకుని రెండు అరటిపళ్లు పెట్టింది. ముక్కుమీద ఈగ వాలింది, దాన్ని తోలడానికి వీల్లేదు. ఇదంతా నవ్వుకునే కష్టమే. తర్వాత నడుము కింద ఎముక దగ్గర మొదలయింది. ముందు తిమ్మిరి, తర్వాత నొప్పి, తర్వాత నిప్పుమీద పడుకున్నట్టు మంట. తిండి తిని బలిసిన ఒళ్లు నాది, మెత్తటి పరుపు. నాలుగో మంచంలో ఉన్నది ఎముకల గూడు. ఏడుపు వచ్చింది. నాకు తెలియకుండానే, ఎవరూ చెప్పకుండానే, పక్కకు తిరిగిపోయాను.

నాలుగో మంచం పక్కన కూర్చుని కోడలి అత్త నన్నే చూస్తూ ఉంది. నేను తిరగడం చూసింది. లేచి వచ్చి నా మొహంలోకి వంగి, కోపం లేకుండా అంది. "నువ్వు తిరిగితివి గదా పాపా. మా బిడ్డ తిరగలేదే."

అని, కొంగు నడుముకు చుట్టుకుని వెనక్కి పోయి, కోడలి భుజం కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి పెట్టింది. నేను మంచం దిగి పరిగెత్తి రెండోవైపు పట్టుకున్నాను. పిల్ల మూలిగింది. ఈసారి అత్త కళ్లనీళ్లు పెట్టుకోలేదు. వాకిట్లో నిలబడి ఉన్న మేట్రనమ్మ అంతా చూసింది. గడియారం చూసి, పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత నాలుగో మంచానికి నా అవసరం పెద్దగా లేకపోయింది. గడియారం చూడటం రాని ఆ అత్త, పెద్దముల్లు రెండు చుట్లు తిరిగితే చాలని నేర్చుకుని, మేము ఒక నిమిషం ఆలస్యమైతే వార్డు చివరిదాకా వచ్చి పిలుచుకుపోయేది. పుండు మానడానికి నెలకు పైగా పట్టింది. ఆ నెలంతా రోజూ దాన్ని కడిగింది నేను. అన్ని రోజులూ నాకు అన్నం సరిగ్గా సయించలేదు. జ్వరం దిగింది. ఆ పిల్ల గోడ పట్టుకుని నాలుగడుగులు వేసిన రోజున బిడ్డను తెచ్చి చూపించారు. పోయేటప్పుడు అత్త నాకు దండం పెట్టలేదు, నేనే ఆమె కాళ్లకు దండం పెట్టాను. మేట్రనమ్మ తన పుస్తకంలో నాలుగో మంచం వరస మొత్తం కొట్టేసి, ఇది లెక్కలోకి రాదు అని పక్కన రాసింది. నన్ను పంపించెయ్యలేదు. కానీ ఆ కొట్టేసిన గీత చూసినప్పుడు పంపించేసినా బాగుండేదనిపించింది. రెండు నెలలయ్యాక గోడవైపు పద్ధతే వార్డంతా వచ్చింది.

తర్వాత తిరుపతిలో చాలా ఏళ్లు నర్సు పిల్లలకు పాఠాలు చెప్పాను. చార్టులో చెయ్యని పని రాసిన పిల్ల దొరికితే చాలు, ఈ కథ మొదలుపెట్టేదాన్ని. మా రోజుల్లో శిక్ష అంటే అదీ, రెండు గంటలు, పూర్తిగా రెండు గంటలు, రెప్ప కూడా కదల్చకుండా పడుకున్నాను అని గొంతు పెంచి చెప్పేదాన్ని. పిల్లలు నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. చెప్పగా చెప్పగా నాకే నమ్మకం కుదిరింది. రిటైరయి ఇన్నేళ్లయ్యాక ఇది రాద్దామని కూర్చుంటే, కలం అక్కడికి రాగానే ఆగిపోయింది. మేట్రనమ్మ ఆ రోజు పుస్తకంలో రాసుకున్నది నేను మర్నాడు దొంగచాటుగా చూశాను. నా పేరు, దానికి ఎదురుగా యాభై నిమిషాలు. ఆ పుస్తకం ఇప్పుడు ఎక్కడుందో, ఏ చెదలు తిన్నాయో తెలియదు. ఎవరికైనా దొరికితే అందులో ఉన్నదే నిజం, నా పాఠం విన్న పిల్లలు నన్ను క్షమించాలి.