వచ్చే సోమవారం

తెల్లవారితే చాలు, ఎవరో ఒకరు వెంకన్న దడి అవతల నిలబడి ఉండేవాళ్లు. ఒకరికి ఆధార్‌లో పేరు తప్పు పడింది. ఒకరి పిల్లకు కులం సర్టిఫికెట్ కావాలి. ఇంకొకరికి కడుపునొప్పి, కోంటాలో డాక్టరు హిందీలో అడిగేది తనకు అర్థం కాదు, తను చెప్పేది ఆయనకు అర్థం కాదు. వెంకన్న మొహం కడుక్కుని, ఇంత అంబలి తాగి, చొక్కా తొడుక్కుని వాళ్ల వెంట బయల్దేరేవాడు.

కిష్టారం అవతల, తెలంగాణ సరిహద్దుకు ఆవలి పక్క, హిందీ రాష్ట్రంలో, పట్టుమని యాభై గడపలు లేని ఊరది. ఊళ్లో ఎక్కువమంది దోర్ల తెగవాళ్లు, వాళ్ల మాట దోర్లి. వెంకన్న తండ్రి సరిహద్దుకు ఇవతలున్న చర్ల వైపు నుంచి పాలేరుగా వచ్చి అక్కడే ఉండిపోయాడు. దాంతో వెంకన్నకు ఇంట్లో తెలుగు, వాకిట్లో దోర్లి, సంతలో గోండి, ఆశ్రమ పాఠశాలలో హిందీ, నాలుగూ ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే వచ్చేశాయి. చదువు మాత్రం తొమ్మిదితో ఆగిపోయింది. ఊరికి రోడ్డు పడ్డాక ప్రతి ఇంటికీ ఏదో ఒక కాగితం అవసరమైంది. ప్రతి కాగితానికీ వెంకన్న నోరు అవసరమైంది.

ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. "దాదా, నువ్వు లేకపోతే మేమేమైపోయేవాళ్లం" అని ఎవరన్నా అంటే ఆ పూట తిండి లేకపోయినా ఆకలి తెలిసేది కాదు.

ఇంటి సంగతి అలా ఉండేది కాదు. పెంకులు జారి వానాకాలంలో మంచం ఎటు జరిపినా మీద చినుకు పడేది. దడి సగం కట్టి ఆపేసిన చోట మేకలు దూరి బీరపాదు మేసిపోయేవి. చేలో నాట్లు ఊరందరి తర్వాతే. వెంకన్న భార్య సోమక్క మిరపకోతలప్పుడు సరిహద్దు దాటి కూలికి పోయేది, మిగతా కాలం ఇల్లూ చేనూ ఒంటిచేత్తో నెట్టుకొచ్చేది. ఒక్కగానొక్క కూతురు శిరీష చర్లలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

ఒకసారి పంచాయతీ కార్యదర్శి, అక్కడివాళ్లు సచివ్ అంటారు, వెంకన్నను పక్కకు పిలిచి, కోంటా ఆసుపత్రిలో నాలుగు భాషలు తెలిసిన మనిషి కోసం చూస్తున్నారని, పది పాసైతే ఆ పని అతనికే దొరుకుతుందని చెప్పాడు. వెంకన్న పొంగిపోయాడు. ఓపెన్ స్కూల్లో చేరాడు, పుస్తకాలు తెచ్చుకున్నాడు. ముందు పుస్తకాలు పెట్టే గోడ గూడు సర్దితే గానీ చదువు సాగదని గూడు సర్దాడు. చిమ్నీ వెలుగు చాలదని సోలార్ దీపం తెచ్చుకున్నాడు. తీరా పుస్తకం తెరిస్తే లెక్కలు ఒక్క ముక్కా ఎక్కలేదు. కూతురు వయసున్న పిల్లలు గడగడా చేసేసే లెక్క ముందు తను నోరు తెరుచుకుని కూర్చోవడం అతనికి చచ్చేంత సిగ్గనిపించింది. పుస్తకం మూసేసి, రేపు ప్రశాంతంగా చూద్దామనుకున్నాడు.

పరీక్ష రోజు పొద్దున దడి దగ్గర ఎవరూ లేరు. సోమక్క చద్దన్నం మూటగట్టి ఇచ్చింది. వెంకన్న బయల్దేరినవాడు రోడ్డెక్కకుండా, ఊళ్లోనే ఉండే ఉంగ అనే అతని ఇంటి వైపు తిరిగాడు. పిల్లవాడికి మొన్న జ్వరమన్నావు, ఎట్లుందని అడిగాడు. తగ్గిందన్నాడు ఉంగ. అయినా ఒకసారి చూపించడం మంచిదని, ఆడుకుంటున్న పిల్లవాణ్ని ఎత్తుకుని కిష్టారం తీసుకెళ్లాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి సోమక్కకు సంగతి తెలిసిపోయింది.

"పిల్లోడికి జరం తగ్గిందంట గదా," అంది, పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ.

"మళ్లీ వస్తే?"

"నీకు భయమయ్యా. మంది పనంటే ఉరుకుతావు. నీ పనంటే కాళ్లు రావు. అది మంచితనమని ఊరనుకుంటది. నేను చూస్తన్నాగా."

వెంకన్న చొక్కా విప్పి కొయ్యకు తగిలించాడు. ఆమె మీద కోపం వచ్చింది గానీ, ఆమె అన్నదాంట్లో అబద్ధం ఎక్కడుందో దొరకలేదు.

ఆ మరుసటి ఎండాకాలం, ఇప్పపూలు ఏరుకొచ్చిన ఒక మధ్యాహ్నం, సోమక్క నీడలో కూర్చుని మెల్లగా చెప్పింది. "రొమ్ములో గడ్డలాగా తగులుతంది. నొప్పి లేదు. ఒకసారి భద్రాచలం పోయొద్దామా?"

"పోదాం. వచ్చే సోమారం పోదాం."

ఆ సోమవారం ఒక ముసలాయన పింఛను ఆగిపోయిందని వచ్చాడు. పై సోమవారం తునికాకు కల్లం దగ్గర ఏదో తగువైతే రెండు పక్షాలకూ మాట చెప్పడానికి వెంకన్నే కావాల్సి వచ్చింది. ఆ తర్వాత సోమక్క మళ్లీ అడిగింది. అప్పటికే ఎవరికో మాటిచ్చేసి ఉన్న వెంకన్న విసుక్కున్నాడు.

"ఆడ అందరూ తెలుగే మాట్లాడతరు. దుబాసీతో పనేంది నీకు? ఒక్కదానివి పోయి చూపించుకు రారాదా?"

సోమక్క చేతిలో చేట పక్కన పెట్టింది.

"నోరు లేక కాదు, తోడు కోసం అడిగిన," అని లేచిపోయింది. ఇక ఆ మాట ఎత్తలేదు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. వాగు పొంగింది. వాగు తగ్గిన వారంలోనే ముయె అనే ఆమెకు కాన్పు కష్టమైతే వెంకన్నే జీపు మాట్లాడి, చర్ల మీదుగా భద్రాచలం తీసుకుపోయాడు. తల్లీ పిల్లా క్షేమంగా బయటపడ్డారు. ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని టీ తాగుతుంటే సోమక్క గడ్డ గుర్తొచ్చింది. ఈసారి ఆమెను కూడా వెంటబెట్టుకు రావలసింది అనుకున్నాడు. నాట్లు కాగానే తీసుకొద్దామనుకున్నాడు. టీ గ్లాసు కింద పెట్టేసరికి ముయె మొగుడు పిలిచాడు, లేచి వెళ్లాడు.

చివరికి తీసుకెళ్లింది చలికాలంలో. అప్పటికి సోమక్క ఎడమ చెయ్యి పైకెత్తలేకపోతోంది. రవికె మీద తడి మరక కనబడకుండా కొంగు కప్పుకుంటోంది. డాక్టరమ్మ చూసి, వరంగల్ పెద్దాసుపత్రికి రాసిచ్చింది. వరంగల్లో పరీక్షలన్నీ అయ్యాక అక్కడి డాక్టరు కాగితాలు పక్కన పెట్టి అడిగాడు.

"ఇన్నాళ్లూ ఏం చేశారు?"

అచ్చమైన తెలుగులో అడిగాడు. ఎంతోమంది నొప్పిని డాక్టర్లకు విడమర్చి చెప్పిన మనిషి ఆ గదిలో నేల చూస్తూ నిలబడిపోయాడు. సోమక్కే మాట్లాడింది.

"నేనే చెప్పలేదు సారు. పనుల్లో పడి నేనే పట్టించుకోలే."

అతని మీద మాట పడకుండా ఆమె ఆడిన ఆ అబద్ధం వెంకన్నను బతికున్నంత కాలం వదల్లేదు.

మందులు ఎక్కించారు. కొన్నాళ్లకు, ఇక ఇంటి దగ్గరే ఉంచుకోమన్నారు. ఇంటికొచ్చాక వెంకన్న గడప దాటలేదు. పెంకులు తిరగేశాడు. దడి ఈ కొస నుంచి ఆ కొసకు కట్టేశాడు. సోమక్కకు ఎండ తగిలేలా వాకిట్లో మంచం వేసి, పక్కనే కూర్చుని చేటలో బియ్యం ఏరేవాడు. ఇల్లు ఎన్నడూ లేనంత తీరుగా తయారైంది. సోమక్క మంచం మీద నుంచి ఆ కప్పు వైపూ దడి వైపూ చాలాసేపు చూసింది.

"ఇంత జల్దీ చేస్తావా నువ్వు పని," అంది. నిష్ఠూరంగా అనలేదు. నిజంగానే ఆశ్చర్యపడినట్టు అంది. వెంకన్న చేట పట్టుకుని ఇంటి వెనక్కి పోయి, చాలాసేపు ఇవతలికి రాలేదు.

మళ్లీ ఇప్పపూలు రాలే కాలానికి ఆమె పోయింది. శిరీష వచ్చి తల్లి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఊరు ఊరంతా వచ్చింది. వెంకన్న ఎవరెవరిని ఆసుపత్రులకు తిప్పాడో వాళ్లందరూ వచ్చారు. ముయె చంకలో పిల్లతో వచ్చి, దోర్లిలో రాగం తీసి ఏడ్చింది. ఆ పిల్లను చూడలేక వెంకన్న మొహం తిప్పుకున్నాడు. అలా తిప్పుకున్నందుకు తర్వాత తనను తానే తిట్టుకున్నాడు.

దినం అయిపోయి, శిరీష హాస్టల్‌కు వెళ్లిపోయిన మర్నాడు, పక్కింటి ముసలమ్మ లక్కే వచ్చి దడి అవతల నిలబడింది. పిలవడానికి మొహమాటపడుతూ చేతిలో రాషన్ కార్డు అటూ ఇటూ తిప్పుతోంది. వెంకన్నే చూసి, ఏంటని అడిగాడు. వేలిముద్ర పడలేదని, సరుకులు ఇవ్వలేదని, కిష్టారం వచ్చి ఒక మాట చెప్పాలని దోర్లిలో అంది.

"ఇయ్యాల నాకు వీలు కాదమ్మా," అన్నాడు వెంకన్న.

అనేశాక అతనికే బెదురు పుట్టింది. ఇన్నేళ్లలో ఆ మాట ఎవరితోనూ అనలేదు. అంటే మొహాలు మాడ్చుకుంటారని, ఇక తన గడప తొక్కరని భయపడ్డాడు. లక్కే ముఖంలోకి చూశాడు.

"సరే బిడ్డా, రేపే పోదాం. తొందరేం లేదు," అంది లక్కే. కార్డు కొంగున ముడేసుకుని, దార్లో పడున్న పుల్లలు రెండు ఏరుకుని వాళ్లింటికి వెళ్లిపోయింది.

వెంకన్నకు ఆ రోజు పనేమీ లేదు. ఎండ నడినెత్తికెక్కేదాకా వాకిట్లో అలాగే కూర్చుండిపోయాడు.