పెడనలో కనపడని పేజీ

ఎమ్మే తెలుగు చదివిన ఆడపిల్లకు బడిలో తప్ప మరోచోట ఉద్యోగం ఉంటుందని మా ఉయ్యూరులో ఎవరూ అనుకోని రోజుల్లో, నాకు విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఇంటర్నెట్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. అదేం ఉద్యోగమో పక్కింటివాళ్లకు ఎలా చెప్పాలో నాన్నకు తెలియలేదు. కాసేపు ఆలోచించి, "పేపర్ లాంటిదేనండి, కాకపోతే కాగితం ఉండదు" అన్నారు.

ఆఫీసు ఒక స్టేషనరీ హోల్‌సేల్ కొట్టు పైన, రెండో అంతస్తులో ఉండేది. కంపెనీ పెట్టినాయన అంతకుముందు ఒక కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. అందరం సార్ అనేవాళ్లం. ఆ ఉద్యోగం మానేసి తెలుగులో వెబ్‌సైట్ మొదలుపెట్టారు. అందులో వార్తలు, పంచాంగం, వంటలు అన్నీ ఉండేవి గానీ, ఆయన ప్రాణమంతా 'మా ఊరు' అనే విభాగం మీద ఉండేది. కృష్ణా జిల్లాలో ప్రతి ఊరికీ ఒక పేజీ ఉండాలనేవారు. నేను ఆ ఊళ్లకు వెళ్లి, అక్కడివాళ్లతో మాట్లాడి, విన్నది రాసుకుని రావాలి.

నేను రాసింది తెర మీద తెలుగులో కనపడేలా చేసే పని మరొకతనిది. అతనిది పెడన, మగ్గం ఇంటి పిల్లాడు. అప్పట్లో కంప్యూటర్లలో తెలుగు ఇప్పటిలా అందరికీ ఒకటే కాదు. ఏ కంపెనీ అక్షరాలు ఆ కంపెనీవే. మా సైటు అక్షరాలన్నీ అతనే గీశాడు. వాళ్ల నాన్న చీరల అంచులకు డిజైన్లు గీసుకునే గళ్ల కాగితాలు ఇంటి నుంచి తెచ్చుకునేవాడు. వాటి మీద ఒక్కో అక్షరం గీసి, చెరిపి, మళ్లీ గీసి, కుదిరిందనుకున్నాక కంప్యూటర్‌లోకి ఎక్కించేవాడు. 'క్ష' దగ్గర చాలా రోజులు ఆగిపోయాడు.

"ఏవండీ, ఇది మీకు 'క్ష'లా ఉందా?" అని కాగితం నా బల్ల మీద పెట్టేవాడు.

"కొంచెం బొద్దుగా ఉందండి."

కాగితం తీసుకుని వెళ్లిపోయేవాడు. మర్నాడు ఇంకోటి తెచ్చేవాడు. నాకు అన్నీ ఒకేలా కనిపించేవి. ఆ మాట అతనితో అనలేదు.

పెడన పేజీ కోసం అతనితో కలిసి వాళ్లింటికి వెళ్లాను. ముందు గదిలో రెండు గుంట మగ్గాలు. ఒకదాని మీద వాళ్ల నాన్న, రెండోదాని మీద జీతానికి వచ్చే మనిషి. నేను ఫొటోలు తీస్తుంటే ఆయన నేత ఆపి చొక్కా వేసుకొచ్చారు. చొక్కా లేకుండానే బాగుందంటే ఒప్పుకోలేదు.

"ఇది ఎక్కడ కనపడిద్దమ్మా?"

"ప్రపంచంలో ఎక్కడైనా కనిపిస్తుంది బాబాయ్ గారూ."

"పెడనలో కనపడిద్దా?"

నేనూ, అతనూ మొహాలు చూసుకున్నాం. పెడనలో అప్పటికి ఇంటర్నెట్ లేదు. "ఇక్కడికింకా రాలేదు నాన్నా. వస్తుంది" అన్నాడు అతను. ఆయన నవ్వి మళ్లీ గుంటలోకి దిగారు. ఆ రోజు వాళ్లమ్మ మాకు చేపల పులుసుతో అన్నం పెట్టింది.

తర్వాత కొన్నాళ్లకు హైదరాబాదు నుంచి పెట్టుబడి పెట్టేవాళ్లు వచ్చారు. అంతా ఎంత త్వరగా మారిపోయిందంటే, నాకు ఆ రోజులు వరసలో గుర్తులేవు. స్టేషనరీ కొట్టు పైనుంచి అదే గవర్నర్‌పేటలో ఒక కొత్త బిల్డింగ్‌కు మారాం. అద్దాల తలుపులు, ఏసీ, చక్రాల కుర్చీలు. మా పేరుతో సిటీ బస్సుల వెనక ప్రకటనలు. ఉయ్యూరు బస్సులో కండక్టరు కూడా "మీరు ఆ ఇంటర్నెట్‌లో చేస్తారంటగా" అని పలకరించేవాడు. దేశాలు పట్టిపోయినవాళ్లు తమ ఊరి పేజీ కింద రాసే మాటలు రోజూ వచ్చేవి. మా బడి గేటు ఇంకా అదేనా, కాలవ మీద వంతెన కట్టారా, ఫలానా మాస్టారు ఉన్నారా. జవాబులు వెతికి రాయడం నాకెంతో ఇష్టంగా ఉండేది. సార్ అవన్నీ చదివి, "చూశావామ్మా, ఎంతమంది ఉన్నారో" అనేవారు. అంతమంది ఉన్నా మాకు ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందో ఎవరమూ అడగలేదు. పెద్ద కంపెనీలకే ఇంకా రాలేదట, ముందు జనం రావాలట, డబ్బు దాని వెనకే వస్తుందట. హైదరాబాదు వాళ్లు అలాగే చెప్పారు.

ఆ రోజుల్లోనే అతను ఇంట్లో మగ్గాలు తీయించాడు. వాళ్ల నాన్నకు మోకాళ్లు అరిగిపోయి గుంటలోకి దిగడం కష్టమైంది. "నా జీతం ఉందిగా, ఇంకెందుకు" అని అతను పట్టుబట్టాడు. మగ్గాల కర్రలు తెలిసినవాళ్లకు ఇచ్చేశారు. గుంటలు పూడ్చి, గచ్చు చేయించి, రంగులేయించారు. "ఇంట్లో చప్పుడు లేదండీ. అమ్మకి నిద్ర పట్టడంలేదంట" అని నవ్వుతూ చెప్పాడు. నాన్న ఏమంటున్నారని అడిగితే, "పొద్దున్నే లేచి అరుగు మీద కూర్చుంటున్నారు" అన్నాడు.

బయటి దేశాల్లో ఇలాంటి కంపెనీలు మూతపడుతున్నాయని వార్తలు వచ్చేవి. మా సైటు కోసం వాటిని తెలుగులో రాసింది నేనే. రాసి, పక్కన పెట్టి, టీ తాగడానికి వెళ్లేదాన్ని. అవి మా గురించి కూడా అని తోచలేదు.

హైదరాబాదు నుంచి వచ్చే ఫోన్లు తగ్గాయి. తర్వాత వాళ్లే రావడం మానేశారు. ఏసీ ఆపేసి కిటికీలు తీసుకున్నాం. కొత్తగా చేరినవాళ్లు ముందు వెళ్లిపోయారు. చక్రాల కుర్చీలు ఎవరో వచ్చి లిఫ్టులో దించుకుపోయారు. అంత జరిగినా సార్ ఇంకో ఊరి పేజీ గురించి మాట్లాడుతూనే ఉండేవారు. మేమూ వింటూనే ఉండేవాళ్లం.

ఒకరోజు పొద్దున్నే మిగిలినవాళ్లందరినీ ముందు గదిలోకి పిలిచారు. క్లాసులో నిలబడ్డట్టే గోడకు వీపు పెట్టి నిలబడ్డారు. "మనం చేసిన పనిలో తప్పు లేదు" అన్నారు. సుద్ద అంటినట్టు రెండు అరచేతులూ దులుపుకుని, లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు. కాసేపు చూసి మేమే మెట్లు దిగాం. కింద అతను నాతో, "సైటు ఇంకా నడుస్తుందండి. సర్వర్ ఈ ఆఫీసులో కాదుగా, బయట ఉంది" అన్నాడు. బస్టాండు దాకా నాతో నడిచాడు.

నేను ఉయ్యూరులో ఒక ప్రైవేటు బడిలో చేరాను. సెలవు రోజుల్లో విజయవాడ వచ్చి లైబ్రరీలో పేపర్లన్నీ తిరగేసి ఉద్యోగ ప్రకటనలు చూసుకునేదాన్ని. అక్కడ అతను కనిపించాడు. ఇస్త్రీ చొక్కా, టక్కు, పక్కన టిఫిన్ డబ్బా. ఆఫీసుకు వెళ్లే మనిషిలాగే ఉన్నాడు. రోజూ తన అద్దె గది నుంచి అలాగే బయల్దేరి అక్కడికే వస్తున్నానన్నాడు. ఇంట్లో చెప్పలేదట. "వేరేది దొరికాక చెప్తానండి" అన్నాడు.

కొన్ని నెలల తర్వాత, అనుభవం ఉన్నట్టు సార్ చేత ఒక కాగితం రాయించుకుందామని, ఆయన సామాను సర్దుకోవడానికి వస్తున్నారని తెలిసి, మూసేసిన ఆఫీసుకు వెళ్లాను. ఆయన రాలేదు. మెట్ల దగ్గర పెడన బాబాయ్ గారు నిలబడి ఉన్నారు. తెల్ల పంచె, చేతిలో గుడ్డ సంచి. నన్ను చూడగానే మొహం వికసించింది.

"నువ్వేనా అమ్మా. పోన్లే, దొరికావు. మావాడికో సంబంధం వచ్చింది. ఆళ్లు ఆఫీసు ఎక్కడని అడిగితే నాకు చెప్పడం రాలా. ఓసారి కళ్లతో చూసి చెబుదామని పొద్దున బండికి వచ్చా. పైన తాళం ఉంది. ఇయ్యాల సెలవా?"

ఆయన నా మొహమే చూస్తున్నారు. మెట్ల పక్క గోడకు 'అద్దెకు ఇవ్వబడును' అన్న బోర్డు ఉంది. ఆయన అది చదివే ఉంటారు. అయినా నన్ను అడిగారు.

"సెలవు కాదు బాబాయ్ గారూ. కంపెనీ మూసేశారు."

"ఎప్పుడమ్మా?"

"కొన్ని నెలలైంది."

సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. "మరి మావాడు రోజూ పనికెళ్తన్నానని చెప్తన్నాడే" అన్నారు. ఆ మాట నాతో కాదు. తర్వాత నావైపు తిరిగి, "పగలెక్కడుంటాడో తెలుసా తల్లీ?" అని అడిగారు.

లైబ్రరీకి నడిచే వెళ్లాం. ఆటో ఎక్కుదామంటే వద్దన్నారు. దారిలో ఒకే ఒక్క మాట అడిగారు. "నాకు చెప్పడానికి భయపడ్డాడంటావా?" నేను లేదన్నాను. నాకేం తెలుసు. అలా అనాలనిపించి అన్నాను.

అతను పేపర్ల బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ముందు నన్ను చూసి లేవబోయి, నా వెనక తండ్రిని చూసి అలాగే కూర్చుండిపోయాడు. బాబాయ్ గారు పక్కన ఖాళీ కుర్చీలో కూర్చున్నారు. అక్కడ మాట్లాడకూడదని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. కొడుకు భుజం మీద చెయ్యి వేసి, చాలా నెమ్మదిగా, "అన్నం తిన్నావా" అన్నారు. అతను టిఫిన్ డబ్బా చూపించాడు. ఇద్దరూ లేచి బయటికి వచ్చారు.

నేను వెళ్తానన్నాను. బాబాయ్ గారు ఉండమన్నారు. "నువ్వు చేసిన పని నేనెప్పుడూ చూడలేదుగదరా. అదయినా ఉందా, అదీ తీసేశారా?" అని కొడుకుని అడిగారు.

"ఉంది నాన్నా. మన మగ్గం ఫొటో కూడా ఉంది. చూపిస్తా" అన్నాడు అతను. ఆ మాట అన్నప్పుడు అతని గొంతు మామూలుగా అయింది.

వీధి మలుపులో నెట్ సెంటర్ ఉంది. ప్లైవుడ్ గదుల్లో ఒకదాంట్లో బాబాయ్ గారిని కుర్చీలో కూర్చోబెట్టి, మేమిద్దరం వెనక నిలబడ్డాం. అతను వంగి అడ్రస్ కొట్టాడు. తెర తెల్లగా ఉండిపోయింది. మళ్లీ కొట్టాడు. తెలుపే. అడ్రస్ ఒక్కో అక్షరం సరిచూసుకుని మళ్లీ కొట్టాడు. కాసేపటికి పేజీ దొరకలేదని ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చింది. సర్వర్ ఆపేశారని అతనికీ నాకూ అర్థమైంది. మేం రాసినవి, బయటివాళ్లు రాసినవి, అతను గీసినవి, ఏవీ ఎక్కడా లేవు.

బాబాయ్ గారు మాత్రం మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని తెరకేసి చూస్తూ కూర్చున్నారు.

"ఇక రాదు నాన్నా."

"వచ్చిద్దిలేరా. తొందరేముంది."

ఆయనకు అర్థం కాక అన్నారో, అర్థమయ్యే అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. అతను గోడవైపు తిరిగాడు. వీపు కదులుతోంది. నేను పక్కనే ఉన్న మనిషిని ఓదార్చలేక, తెర మీది ఆ ఇంగ్లీషు ముక్కనే మళ్లీ మళ్లీ చదివాను.

ఆ సాయంత్రం బండికి ఇద్దరూ పెడన వెళ్లిపోయారు. స్టేషన్లో బాబాయ్ గారు సంచిలోంచి జామకాయలు తీసి నాకిచ్చారు. ఆఫీసులో అందరికీ పంచమని వాళ్లమ్మ పంపిందట.

ఆ సంబంధం పోయింది. ఇంట్లో గుంటలు పూడ్చేశారు, కర్రలు ఎప్పుడో చేతులు మారాయి. బాబాయ్ గారు అరిగిన మోకాళ్లతోనే వేరే వాళ్లింట్లో మగ్గం గుంటలోకి దిగారు. సొంత మగ్గం మీద నేసిన మనిషి ఆ వయసులో ఇంకొకరింట్లో కూలికి నేశారు. కొడుకు గవర్నర్‌పేటలో ఒక బట్టల హోల్‌సేల్ కొట్లో పనికి కుదురుకున్నాడు, తర్వాత పెళ్లీ చేసుకున్నాడు. కొన్నేళ్లకు తండ్రి పోయారు. అప్పుడు వెళ్లాను. "నేను మగ్గం తీయించకుండా ఉండాల్సిందండి" అని ఒక్కసారే అన్నాడు.

సార్ ఇంకో ఊళ్లో మళ్లీ ఫిజిక్స్ చెబుతున్నారని విన్నాను. ఆయన్ని చూడలేదు.

నేను ప్రభుత్వ బడిలో తెలుగు టీచర్నయ్యాను, పెళ్లయింది. చీరలకు ఎప్పుడు విజయవాడ వెళ్లినా అతను పనిచేసే కొట్టుకే వెళ్లేదాన్ని. "మీ ఇద్దరి మధ్య అప్పట్లో ఏమైనా ఉండేదా?" అని మా ఆయన ఒకసారి అడిగారు. లేదన్నాను. అది నిజమే. ఒకే చోట ఒకటే పోగొట్టుకున్నవాళ్లం, అంతే. కొట్లో మేం ఆ కంపెనీ ఊసెత్తేవాళ్లం కాదు. అతను చీరలు విప్పి చూపించేవాడు. నేను ఏదో ఒకటి తీసుకునేదాన్ని.

పోయినేడాది కొట్లోనే గుండెపోటు వచ్చి అతను పోయాడు. పెద్దకర్మ నాడు విజయవాడ సింగ్‌నగర్‌లో వాళ్ల అద్దె ఇంటికి వెళ్లాను. భోజనాలయ్యాక ఇంటర్ చదువుతున్న అతని కూతురు నా పక్కన వచ్చి కూర్చుంది.

"ఆంటీ, నాన్న కంప్యూటర్ కంపెనీలో చేశారని అమ్మ అంది. నిజమేనా?"

"నిజమేనమ్మా. మా సైటుకి తెలుగు అక్షరాలన్నీ మీ నాన్నే తయారుచేశారు."

ఆ పిల్ల నావైపు నమ్మలేనట్టు చూసింది. "ఫోన్లో మెసేజ్ పెట్టాలన్నా నాతోనే పెట్టించేవారు ఆంటీ. నాకు రాదమ్మా, నువ్వు కొట్టు అనేవారు."

నేను కళ్లు తుడుచుకునేదాకా ఆగి, మొదట్నుంచీ చెప్పమంది. చెప్పాను. వాళ్లమ్మ కాఫీ తెచ్చి, గ్లాసు నా చేతికిచ్చి, వెళ్లకుండా గుమ్మం దగ్గరే కూర్చుంది. ఆవిడకు కూడా ఇవేవీ తెలియవని అప్పుడర్థమైంది.