నాయన ముందుకిచ్చిన బంతి

రియాద్‌లో ఎండలు ముదిరి ఏసీ రాత్రీపగలూ తిరిగే రోజుల్లో మా అల్మరా తలుపు తీస్తే చాలు, పాత తోలూ నొప్పుల నూనే కలిసిన వాసన గుప్పుమంటుంది. పై అరలో గాలి పోయి చతికిలబడిన మా నాయన రగ్బీ బంతిది.

మాది కడప జిల్లా. నాయన పద్దెనిమిదేళ్లకే మిలటరీలో చేరి, అక్కడే రగ్బీ నేర్చి, దేశం తరఫున ఆడి, ఎడమ భుజం పాడుచేసుకుని, హవల్దారుగా రిటైరయ్యాక ఇక్కడొక కంపెనీకి సెక్యూరిటీ సూపర్‌వైజరుగా వచ్చాడు. మేముండే మలాజ్ పేటలో ఎవరికైనా ఆ సంగతి చెబితే అదేం ఆట అని అడిగేవాళ్లు, ఆయన నవ్వి ఊరుకునేవాడు.

శుక్రవారం పొద్దున, దుకాణాలింకా తెరవకముందే, మా బిల్డింగు వెనక ఖాళీ జాగాలో మలయాళీ, పాకిస్తానీ, హైదరాబాదీ పిల్లలందరినీ పోగేసేవాడు. వాళ్లలో ఆడపిల్లను నేనొక్కతినే. రగ్బీలో బంతిని చేత్తో వెనకున్నవాళ్లకే ఇవ్వాలి, ముందుకిస్తే ఫౌల్. ఆట అయ్యాక అఫ్గాన్ దుకాణంలో కొన్న చేటంత తమీస్ రొట్టెను కూడా నాయన అదే పద్ధతిలో చింపి, వెనక కూర్చున్నవాళ్లకే ముందు అందించేవాడు. ఎగబడి ముందు వరసలో కూర్చునే నాకు చివరికి మాడిన అంచూ, గిన్నె అడుగున కాస్త ఫూల్ పప్పూ మిగిలేవి. ఒక్కసారైనా ముందు నాకివ్వడేమని నా ఏడుపు. అడిగితే ఒకటే మాట.

"ఎనకాల ఉండేవోళ్లను సూసుకోవాల పాపా."

నేను సాయంత్రందాకా మూతి ముడుచుకుని ఉండేదాన్ని.

నాకు పన్నెండేళ్లప్పుడు చదువు కోసం అమ్మనూ నన్నూ కడపకు పంపేయాలని తేలింది. ఉండిపొమ్మని నాయన ఒక్క మాటైనా అనలేదని కోపం వచ్చి, ఎయిర్‌పోర్టులో వెనక్కి చూడకుండా లైన్లో నడిచాను. టికెట్ లేనివాళ్లు అక్కడ అడ్డంగా కట్టిన తాడు దాటకూడదు. "పాపా" అని పిలిచాడు. తిరిగి చూస్తే, పైకి లేవని ఆ ఎడమ చేత్తోనే తాడు మీదుగా బంతిని నాకు అందిస్తున్నాడు.

"ముందుకిస్తే ఫౌల్ కదా నాయనా" అన్నాను.

"ఫౌలే. పట్టుకోని పో."

నేను ఉద్యోగానికి మళ్లీ ఈ ఊరు వచ్చేసరికి నాయన లేడు. ఆ ఖాళీ జాగాలో ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు. రొట్టెల దుకాణం ఉంది కానీ, శుక్రవారం దాని ముందు ఒళ్లంతా దుమ్ముతో నిలబడే పిల్లలు లేరు. బంతికి గాలి కొట్టించొచ్చుగా అంటాడు మా ఆయన. ఎందుకో నాకు మనసొప్పదు. నాయన జన్మలో చేసిన ఫౌల్ అదొక్కటే, అదీ నా కోసం.