నా చేతి కొలతకు కొన్న లివర్లు

మా ముత్తాతగారు ఎన్నూరులో ఉప్పు మళ్ళకు గుత్తదారు. ఆయన మాట లేనిదే అక్కడి కాలవలో ఉప్పు పడవ కదిలేది కాదు. తాతగారు పట్నంలో రెండు గుళ్ళకు ధర్మకర్త. ఆయన వచ్చి కూర్చుంటేగాని పంక్తిలో విస్తరి వేసేవారు కాదు. నాన్నగారి వంతు వచ్చేసరికి మిగిలింది పట్నం శివారు మనలిలో ఒక రసాయనాల కర్మాగారంలో స్టోర్సు గుమాస్తా ఉద్యోగం, తండయార్‌పేటలో అద్దె వాటా, ఒక పాత మూడువందల యాభై సీసీ మోటార్‌సైకిలు. ఇది చెప్పుకోవడానికి నేను సిగ్గుపడను. ఆ పాత దర్జా గుర్తుచేసుకోవడానికీ సిగ్గుపడను.

మా ఇంట్లో ఒంటి బాధ బయటివాళ్ళ ముందు చెప్పరు. చివరి రోజుల్లో తాతగారికి చూపు పూర్తిగా పోయింది. అయినా ఎవరైనా వస్తున్నారంటే పేపరు తెరిచి ముఖానికెదురుగా పట్టుకుని కూర్చునేవారు. అది తలకిందులు కాకుండా నానమ్మ చూసుకునేది. ఇంకొక పద్ధతి కూడా ఉంది. పెద్దవాళ్ళు పరాయి మనిషి ముందు ఒక మాట అన్నాక చిన్నవాళ్ళు దాన్ని కాదనరు.

రిటైరయ్యాక నాన్నగారు రోజూ పొద్దున్నే బండి మీద ఎన్నూరు దాకా వెళ్ళి వచ్చేవారు. మా మళ్ళుండిన చోట ఇప్పుడు కరెంటు కేంద్రం బూడిద గుట్టలు, లారీలు. అక్కడ దిగేవారు కాదు. పక్కగా పోయి, తిరిగి వచ్చేవారు. ఆయనకు మిగిలిన తిరుగుడు అదొక్కటే.

ఎడమచేతి వేళ్ళ కణుపులు వాచడం మొదలయ్యాక క్లచ్ పట్టడం కష్టమైంది. లివరు చివరికంటా చెయ్యి జరిపి, నాలుగు వేళ్ళూ వేసి లాగేవారు. ఇంటికొచ్చాక ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. హ్యాండిలుకు దగ్గరగా జరుపుకునే లివర్లు బజారులో దొరుకుతాయని నేను చెప్తే, చాలా రోజులు వినిపించుకోనట్టే ఉండి, ఒక ఆదివారం, "పద, చూసొద్దాం," అన్నారు. ఎప్పటిలాగే ఆయన బండి తీశారు, నేను వెనక కూర్చున్నాను.

పుదుప్పేటలో ఒక స్పేర్ల కొట్టు. మా మాటలు వినగానే కొట్టతను తెలుగులోకి దిగాడు.

"మనోళ్ళేనా? ఈడ రండి సార్. బండి ఎవురు తోల్తారు?"

నేను నోరు తెరిచేలోగా నాన్నగారు అన్నారు: "మావాడు. వాడికే."

"చెయ్యి చాపు తంబీ." నా వేళ్ళు పట్టుకుని చూశాడు. "అబ్బా, ఏం మెత్తగుండాయి! కంప్యూటర్ వేళ్ళు. షోళింగనల్లూరు కంపెనీల్లోనా?"

"అక్కడే," అన్నాను.

బల్ల మీద రెండు జతలు పెట్టాడు. ఒకటి నల్లది, పొట్టిది, రెండు వేళ్ళు పట్టేంత. రెండోది పాతదానంత పొడుగుది. రెండింటికీ మొదలు దగ్గర ఒక చిన్న చక్రం ఉంది. దాన్ని తిప్పితే లివరు హ్యాండిలుకు దగ్గరవుతుంది.

"ఈ పొట్టిదానికి పిల్లకాయలు ఎగబడతారు సార్. సెమగా, స్టైలుగా ఉంటాది. ఆ పొడుగుదా? అది చేతిలో సత్తవ లేనోళ్ళకి. తాతయ్యలకి," అని నవ్వాడు.

నాన్నగారు అప్పటికే పొడుగుదాన్ని చేతిలోకి తీసుకుని ఉన్నారు. ఆయన వేళ్ళు దాని చివరను వెతుక్కుని పట్టుకోవడం నేను చూశాను. దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టి, "పొట్టిదే వెయ్యి," అన్నారు.

లివరును ఎంత చివర పట్టుకుంటే అంత తేలిక. పొట్టిదానికి ఆ చివరే ఉండదు. అది ఆయనకు నాకంటే బాగా తెలుసు. "నాన్నా, పొడుగుదైతే..." అన్నాను. ఆయన నా వైపు చూశారు. నేను ఆపేశాను.

కొట్టతను నన్ను బండి మీద కూర్చోబెట్టి, రెండు లివర్లూ నా వేళ్ళకు అందేలా చక్రాలు తిప్పి బిగించాడు. నేను దిగాను. నాన్నగారు ఎక్కారు. బ్రేకు ఒకసారి పట్టి చూశారు, బాగానే ఉంది. బండి స్టార్టు చేసి క్లచ్ పట్టారు. మణికట్టు దగ్గర నరం పొంగింది. లివరు సగం వరకే వచ్చింది. గేరు వేయగానే బండి ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. రెండోసారీ అంతే.

"ఏంది సార్, పిల్లోడి బండి మీకు లొంగలేదే!" అన్నాడు కొట్టతను.

నాన్నగారు కూడా నవ్వారు. "వాడి బండి గదా," అని దిగి, "నువ్వే తోలరా," అన్నారు.

ఆయన ఎవరి వెనకా కూర్చోగా నేనెన్నడూ చూడలేదు. నా భుజం పట్టుకోలేదు, సీటు వెనక కడ్డీ కూడా పట్టుకోలేదు. రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని నిటారుగా కూర్చున్నారు. సెంట్రల్ స్టేషన్ దగ్గర సిగ్నల్లో ఆగినప్పుడు వెనకనుంచి అడిగారు: "మెత్తగుందా క్లచ్?"

"ఉంది నాన్నా."

"అట్లయితే సరి."

మర్నాడు, వెళ్ళి పొడుగువి మార్చుకొస్తానన్నాను.

"నీకేనని చెప్పినాం గదరా. మళ్ళీ పోతే ఎవురికని అడగడా?"

పోనీ పాతవే బిగిస్తానన్నాను. "ఇంగ చాల్లేరా. ఆడ చూసేదానికి ఏముంది, బూడిద," అన్నారు.

నన్ను ఆఫీసు క్యాబ్ వచ్చి తీసుకెళ్తుంది. బండి మెట్ల కింద ఉండిపోయింది. నాన్నగారు కొన్నాళ్ళు పొద్దున్నే గుడ్డ తీసుకుని తుడిచేవారు. తర్వాత అదీ మానేశారు. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవారు, ఎడమచెయ్యి కండువా కింద.

ఆ వేసవిలో బండిని మనలిలో పనిచేసే ఒక ఫిట్టరుకు అమ్మేశాం, కొత్త లివర్లతో సహా.