జ్వరం ఎన్ని రోజుల నుంచి

ఏలూరు ఆసుపత్రిలో డాక్టర్లందరూ తలలు పట్టుకుని కూర్చుంటే, మా ఆవిడ రోగం కనిపెట్టింది నేనే. ఈ మాట కొల్లేటికోటలో చెప్పాను, తాడేపల్లిగూడెంలో మా బావమరిది ఇంట్లో చెప్పాను, బస్సులో పక్క సీటువాళ్ళకీ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ డాక్టర్ల సంఖ్య పెరిగింది. నిజానికి అక్కడున్నది ఒక్క డాక్టరమ్మ. ఆవిడ తల పట్టుకోనూ లేదు.

ఈ వయసులో కూడా చేపల చెరువుల మీద సూపర్‌వైజరు పని నాది. మా ఆవిడ గేదెకి గడ్డి కోసుకొస్తూ ఆ గట్ల మీదే తిరుగుతుంది. మొన్న వానాకాలం చివర్లో తనకి జ్వరం వచ్చింది. ఏలూరు తీసుకెళ్ళేసరికి పిలిచినా కళ్ళు తెరవడం లేదు. డాక్టరమ్మ మొదట అడిగింది ఒకటే, జ్వరం ఎన్ని రోజుల నుంచి అని.

"మూడు రోజులండీ" అన్నాను.

ఏదైనా పెంచి చెప్పే నేను ఆ ఒక్క అంకె తగ్గించాను. ఎక్కువ చెప్తే, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారని అడుగుతుందేమోనని భయం.

మర్నాటికి ప్లేట్‌లెట్లు పడిపోయాయి. బావమరిది వచ్చి తనవి ఇచ్చాడు. అవి ఎక్కించినా సాయంత్రానికి మళ్ళీ తగ్గాయి. ఐసీయూ తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడేవాణ్ణి. బావమరిది నా చేతిలో పెట్టిన ఇడ్లీ పొట్లం విప్పకుండానే చల్లారిపోయింది.

మూడో రోజు పొద్దున డాక్టరమ్మ మా ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టింది. ఒంట్లో మాక్రోఫేజ్‌లనే కణాలుంటాయట. క్రిముల్నీ, చచ్చిన కణాల్నీ మింగేస్తాయి. ఎన్‌కే కణాలని ఇంకో రకం, జబ్బుపడ్డ కణాల్ని చంపేవి. ఒకటి కబురు పెడితే రెండోది వస్తుంది. వచ్చింది మొదటిదాన్ని ఇంకా ఉసిగొల్పుతుంది. పని అయ్యాక కూడా ఆగని మాక్రోఫేజ్‌లని ఎన్‌కే కణాలే చంపి అదుపు చేయాలి.

పొద్దున్నే చెరువులో పడవ వేసుకుని చచ్చిన చేపల్ని ఏరేవాళ్ళు నాకు గుర్తొచ్చారు. ఇక చాలని చెప్పేవాడు లేకపోతే బతికున్నవాటినీ వలలో వేస్తారా అని అడిగాను.

"అంతేనండీ. ఆ చాలనే మాట ఇప్పుడు ఆవిడ ఒంట్లో వినపడట్లేదు. మాక్రోఫేజ్‌లు తన రక్తకణాల్నే తినేస్తున్నాయి" అంది డాక్టరమ్మ. కాగితాలు మళ్ళీ తిరగేసి, "మూడు రోజుల జ్వరానికే ఇంతదూరం ఎలా వచ్చిందో నాకు అర్థం కావట్లేదండీ" అంది.

బావమరిది నావైపు చూస్తున్నాడు.

"మూడు కాదమ్మా. ఇక్కడికి తెచ్చేనాటికే ఆరు."

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. మనిషి ఎక్కడెక్కడ తిరుగుతుందని అడిగింది. గట్ల మీద గడ్డి సంగతి చెప్పాను. వెంటనే నర్సుని తీసుకుని లోపలికెళ్ళింది. లంగా బొందు కట్టే చోట, ఒరుసుకుపోయిందనుకునేలా, చిన్న నల్ల పొక్కు దొరికింది. గడ్డిలో ఉండే సన్న పురుగు కుడితే వచ్చే జ్వరమట, స్క్రబ్ టైఫస్. ఇన్నాళ్ళు మందు పడక అది ముదిరి, ఆ కణాల్ని రెచ్చగొట్టింది. జ్వరానికి మందు మార్చారు. కణాలు శాంతించడానికి స్టెరాయిడ్లు మొదలుపెట్టారు.

నేను కనిపెట్టిందల్లా నేనాడిన అబద్ధాన్నే.

ఆ తరువాత రెండు రోజులు ప్లేట్‌లెట్ల కాగితం వచ్చినప్పుడల్లా బావమరిది చేత చదివించాను. అంకెల మీద నా కళ్ళు నిలవలేదు. మూడోనాడు జ్వరం దిగింది. తను కళ్ళు తెరిచి, గేదెకి గడ్డెవరు వేస్తున్నారని అడిగింది.

ఇదంతా రాసి మొన్న తనకి చదివి వినిపించాను. గోంగూర ఒలుస్తూ చివరిదాకా వింది. ఒప్పుకున్నాను కదా, మెచ్చుకుంటుందనుకున్నాను.

"ఆరు కాదండీ, తొమ్మిది" అంది. "ఏలూరు వెళ్దామని నాలుగో రోజే అడిగాను. చేపల పట్టుబడి అవ్వనీ అన్నారు మీరు."