బంతిపూల బండి, మూడు పసుపు బొట్లు

దసరా నాడు ఎల్బీనగర్ మెట్రో స్తంభాల కింద బంతిపూలకు గిరాకీ మధ్యాహ్నం దాకానే. ఆ తర్వాత మిగిలినవన్నీ చెత్తకుప్పకే. అలాంటిది, నేనెప్పుడూ పూలు కొనే ఆమె బండి దగ్గర జనం ఆగడం, ఫోన్లు ఎత్తడం, విసుక్కుంటూ పక్క బండికి పోవడం చూశాను. గంప నిండుగా అలాగే ఉంది.

"ఏమైంది బిడ్డా?"

"స్కానింగ్ అయితలేదు తాతా. నిన్న మంచిగనే ఉండె. నోట్లు ఎవ్వరూ తెస్తలేరాయె. గీ పూలన్నీ ఏం జేసుకోను?"

కార్డు చూశాను. ఆయుధపూజ కదా, పొద్దున్నే తక్కెడకూ, కత్తెరకూ, బండి చక్రాలకూ పెట్టినట్టే క్యూఆర్ కార్డుకూ బొట్లు పెట్టింది. మూడు మూలల్లో ఉన్న మూడు నల్ల చదరాలకు సరిగ్గా నడిమధ్యన తడి పసుపు, దానిపై కుంకుమ.

"గా డబ్బాలు బొట్టు కోసమే గీసినట్టుండె," అంది.

లైన్లో ఉన్న కుర్రాడు నవ్వాడు. "కార్డుకి పేరంటం చేశారా ఆంటీ? తుడిచేయండి, లేటవుతోంది."

"పండుగపూట పెట్టిన బొట్టు ఎవలన్న తుడుస్తరా?" ఆమె కార్డుకు చెయ్యి అడ్డం పెట్టింది.

నాకు ఒళ్ళు మండింది. "నవ్వుతున్నవ్ గానీ, నీ ఫోన్ గా గళ్ళను ఎట్ల చదువుతదో ఎరుకనా?"

"యాప్ చూసుకుంటుంది కదండీ!"

ఏడో తరగతితో బడి మానేసినా కోఠి ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాలతో చదువుకున్నవాణ్ణి. సబ్బు పెట్టెల మీద నిలువు గీతలు కొత్తగా వచ్చిన రోజులూ గుర్తున్నాయి. అవి ఒక్క వరుసలోనే మాట చెప్పగలవు. అది చాలకే జపాన్‌లో, కార్ల విడిభాగాల లెక్క కోసం, అడ్డంగానూ నిలువుగానూ చదివే ఈ గళ్ళను తయారుచేశారు. వీటి మధ్యలో కాస్త మరక పడినా ఫరవాలేదు, మిగతా గళ్ళను బట్టి పోయింది తేల్చుకునే ఏర్పాటుంది. కానీ ఆ మూడు చదరాలు కళ్ళ లాంటివి. అవి కనబడితేనే కార్డు ఎక్కడుందో, ఎటు తిరిగుందో ఫోనుకు తెలుస్తుంది. ఈ సంగతి కార్డు అంటించి పోయినవాడు ఒక్కడైనా ఆమెకు చెప్పాడా? చెప్పడు. ఆమెను చూసి నవ్వడానికి మాత్రం అందరికీ తీరిక!

"గీ మూడు డబ్బాలు కార్డుకు కండ్ల లెక్క బిడ్డా, నడుమ నలుపు ఉండాలె. కాటుక ఉందా?"

నడుముకు కట్టుకున్న సంచిలోంచి డబ్బీ తీసింది. "బొట్టు మీద కాటుకనా? దోషం గాదా తాతా?"

"బొట్టు ఏడికి పోతది? కిందనే ఉంటది. దిష్టిచుక్క అనుకో."

ఆమె వేలికొనతో మూడు చుక్కలు పెట్టింది. కుర్రాడు ఫోను ఎత్తాడు. అది పలకలేదు. వంగి చూస్తే ఒక చుక్క పాకి చుట్టూ ఉన్న నల్ల అంచుకు తగిలింది. నడుమ తెల్లటి సందు ఉండాలి. అగ్గిపుల్లతో కాటుకను వెనక్కి లాగాను. ఆ సందులో కిందున్న పసుపు బయటపడింది. కెమెరాకు పసుపూ తెలుపూ ఇంచుమించు ఒకటే. ఈసారి ఫోను టింగుమంది.

"సారీ అండి," అని కుర్రాడు నాలుగు మూరలు కొలిపించుకున్నాడు. వాడిని చూసి పక్క బండి దగ్గర నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే ఇటు జరిగారు.

మధ్యాహ్నం నేను తిరిగి వస్తుంటే ఆమె చివరి మూర కడుతోంది. పక్క బండామె తొంగిచూసి, "కార్డుకు కాటుక పెట్టినవేందే?" అని అడిగింది.

"కండ్లకు పెట్టరా మరి?" అంటూ ఈమె దారం తెంపింది.