జుర్రక్క వేవిళ్ళు

ఆ టీపొడి గోదాములో ఆమె అసలు పేరు జీతాలు పంచే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తుండదు. అందరికీ ఆమె జుర్రక్క. వయసులో ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. చేతిలో చెంచా ఉన్నంతసేపూ ఆమె ముందు ఎవరి పెద్దరికమూ చెల్లదు మరి.

ఆమె పని టీ రుచి చూడడం. తోటల నుంచి వచ్చిన ప్రతి సరుకులోంచీ చిటికెడు పొడి తీసి, తెల్లటి కప్పులో వేసి, మరిగే నీళ్ళు పోసి, మూత పెడతారు. కాసేపటికి వడగట్టి బల్ల మీద వరసగా పేరుస్తారు. ఆమె ఒక్కో కప్పు దగ్గరా ఆగి, చెంచాతో తీసుకుని, జుర్రున లోపలికి లాగుతుంది. ఎంత గట్టిగా లాగితే ఆ టీ అంత బాగా నోరంతా, ముక్కు వెనకదాకా పరుచుకుంటుందిట. ఆ తర్వాత పక్కనున్న పొడుగాటి తొట్టిలోకి ఉమ్మేసి ఒక్క మాట చెబుతుంది. బాగుంది అంటుంది, మాడింది అంటుంది, పాలల్లో తేలిపోతుంది అంటుంది. సరుకు లోపల ఉండాలో, వచ్చిన దారినే పోవాలో ఆ మాటే తేలుస్తుంది.

ఆ జుర్రు మామూలు జుర్రు కాదు. గోడ అవతల పొట్లాలు కట్టే హాల్లో ఆడవాళ్ళకి అదే గడియారం. అది మొదలైందంటే కబుర్లు ఆపి పనిలో పడాలి, ఆగిందంటే లేచి చేతులు కడుక్కోవచ్చు. పెళ్ళయిన కొత్తలో ఆమె ఇంట్లో మంచినీళ్ళు కూడా అలాగే తాగితే, లిఫ్టులు బాగుచేసే ఆ భర్తగారు తన గ్లాసు కింద పెట్టి చాలాసేపు ఆమె వైపే చూస్తూ ఉండిపోయాడట. తర్వాత్తర్వాత అలవాటు పడ్డాడు. పడక ఏం చేస్తాడు పాపం.

కిందటేడు ఆమె నీళ్ళోసుకుంది. సంతోషం పట్టలేక ఆ పూటే గోదామంతా చెప్పేసింది. ఆ రెండు నెలలూ ఆమెకి వాంతి కాదు కదా, కనీసం కళ్ళు కూడా తిరగలేదు. పొద్దున్నే లేచి ఎప్పటిలాగే కప్పులన్నీ జుర్రేసేది. అదృష్టవంతురాలివే అని హాల్లో అందరూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు చల్లారకముందే కడుపు పోయింది.

మంచి కబురు చెప్పడానికి ఒక్క పూట పట్టింది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి నెల పట్టింది. ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా చెప్పాల్సి వచ్చింది. చెప్పిన ప్రతిసారీ అవతలి మొహం వాడిపోతుంటే మళ్ళీ ఆమే వాళ్ళని ఓదార్చాల్సి వచ్చింది. అందరికీ చెప్పడం అయిపోయిందిలే అనుకునేసరికి, సెలవు మీద ఊరెళ్ళిన గేటు తాత తిరిగొచ్చి, నోరంతా తెరిచి నవ్వుతూ, ఎన్నో నెల తల్లీ అన్నాడు. ఆ రోజు ఆమె గేటు దగ్గరే నిలబడి ఏడ్చేసింది. ఇవన్నీ చాలనట్టు హాల్లో కాటా దగ్గర కూర్చునే తూకాలత్త, ఆవిడకి నోటికొచ్చింది ఆపుకోవడం చేతకాదు, "అసలు వేవిళ్ళే రాలేదుగా, నేనప్పుడే అనుకున్నా" అంది. ఎవరితోనో అంది. కానీ గోడకి అటువైపు మాట ఇటువైపుకీ వినపడుతుంది. అది తూకాలత్తకి తట్టలేదు.

ఈ ఏడు మళ్ళీ నెల తప్పింది. ఈసారి భర్తకి తప్ప నరమానవుడికి చెప్పకూడదని ఆమె ఒట్టు పెట్టుకుంది. ఇంకో కడుపు పోతే ఎలాగో ఒకలా తట్టుకుంటుందేమో గానీ, ఆ కబురు మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి వెనక్కి తీసుకోవడం మాత్రం తన వల్ల కాదని ఆమెకి తెలుసు. ఒట్టు పెట్టుకుంది సరే, మనసు ఊరుకుంటుందా. రోజూ పొద్దున కళ్ళు తెరవగానే కదలకుండా పడుకుని, కడుపులో ఏమన్నా తిప్పుతోందా అని కాచుకునేది. లోకంలో ఆడవాళ్ళంతా వద్దు బాబోయ్ అనుకునే వేవిళ్ళ కోసం ఈమె బస్సు కోసం చూసినట్టు చూసింది. ఆ బస్సు రాలేదు.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి అదే అడిగింది. ఆవిడ నవ్వలేదు. చాలామందికి ఆరో వారం అటూ ఇటూగా మొదలవుతాయని, కొందరికి ఇంకాస్త ముందో వెనకో వస్తాయని, కొందరికి అసలు రావనీ, రానంత మాత్రాన బిడ్డకి ఏదో అయినట్టు కాదనీ నెమ్మదిగా చెప్పింది. పొద్దుటి పూటే వస్తాయన్నది ఉత్త మాట, సాయంత్రం కూడా వస్తాయి, రోజంతా కూడా ఉంటాయి అంది. మొదలైతే లేవకముందే పొడిగా ఏదన్నా ఇంత కొరుక్కోమని, కడుపు ఖాళీగా ఉంచకుండా కొంచెం కొంచెంగా తినమని, గుక్కెడు నీళ్ళు కూడా నిలవని పరిస్థితి వస్తే ఆలోచించకుండా పరుగెత్తుకు రమ్మనీ చెప్పింది. మరి నేను పొద్దున్నుంచీ టీలే కదండీ అంటే, ఉమ్మేస్తావు కదమ్మా అని అప్పుడు నవ్వింది.

అంతా శ్రద్ధగా విని తల ఊపింది జుర్రక్క. ఇంటికొచ్చాక మళ్ళీ తూకాలత్త మాటే చెవిలో పడింది. చదువుకున్న మాట చెవి దాకా వస్తే, చుట్టుపక్కల మాట ఎందుకో తిన్నగా గుండెలోకి పోతుంది.

తర్వాత వారం ఒకరోజు బల్ల మీద ఓ చిన్న తోట సరుకు ఉంది. చూపుకి ముచ్చటైన టీ, రాగి రంగు. ఆమె చెంచా ఎత్తింది, మొహం చిట్లించింది. తడిసిన ఇనుము వాసన. మళ్ళీ లాగింది. అదే. "చెడింది" అని ఉమ్మేసింది.

ఆ గదిలో ఒక కట్టుబాటు ఉంది. రెండు నోళ్ళూ ఒకే మాట చెబితే తప్ప ఏ సరుకూ వెనక్కి పోకూడదు. రెండో నోరు మాస్టారిది, ఆమెకి ఈ విద్య నేర్పిన ముసలాయన. ఆయన కూడా కప్పు జుర్రి, కళ్ళు మూసుకుని, తల పంకించి, అవునమ్మాయ్, చెడింది అన్నాడు. సాయంత్రం లారీ ఎక్కించి వెనక్కి పంపెయ్యమని గోదాము కూలీలకి కబురు వెళ్ళింది.

మధ్యాహ్నం నోరు బాగుచేసుకుందామని, తనకి ప్రాణమైన పాత తోట టీని ఆమె కలుపుకుంది. దాంట్లోనూ తడి ఇనుము. కప్పు మార్చింది. ఇనుము. ఉత్త వేడినీళ్ళు తాగి చూసింది. ఇనుమే. చేతికి రాసుకున్న సబ్బు వాసన, తలుపు రంగు వాసన, గోడ అవతల ఎవరో పెట్టుకున్న తలనూనె వాసన, అన్నీ ఒక్కసారి కట్టగట్టుకుని మీద పడ్డాయి. ఆమె తొట్టి పట్టుకుని కడుపులో ఉన్నదంతా కక్కేసింది. వెనకే కప్పులు కడిగే మనిషి నిలబడి ఉన్నా తలెత్తి చూడలేదు. ఆ గదిలో తొట్టి మీదికి వంగిన మనిషిని ఎవరు పట్టించుకుంటారు? ఆమె మూతి తుడుచుకుని, టీపెట్టె మీద కూలబడి, తనలో తనే నవ్వుకుంది. వచ్చాయి. మహాతల్లులు, వచ్చాయి.

నవ్వు పూర్తి కాకుండానే లారీ గుర్తొచ్చింది. చెడింది టీ కాదు. తన ముక్కు. ఇంకోసారి రుచి చూద్దామంటే తన నోటికి మళ్ళీ ఇనుమే తగులుతుంది. ఊరుకుంటే ఏ పాపమూ ఎరగని ఆ చిన్న తోటవాళ్ళ మీద చెడ్డ పేరు పడుతుంది. చెప్పాలంటే ఒట్టు తీసి గట్టున పెట్టాలి. ఆమె చాలాసేపు ఖాళీ కప్పు అటూ ఇటూ తిప్పింది. చివరికి లేచి మాస్టారి బల్ల దగ్గరికి వెళ్ళింది.

"మాస్టారూ, ఆ సరుకు పంపకండి. అది బానే ఉంది. నాకే బాలేదు."

"అంటే?"

"అంటే... బాలేకపోవడం కాదు. నెల తప్పింది. ఎవరికీ చెప్పకండి. మీ కాళ్ళు పట్టుకుంటా."

ముసలాయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. మొహం జేవురించింది.

"నువ్వు నిజం చెప్పావు గనక నేనూ చెప్తా" అన్నాడు. "వారం నుంచి నాకు జలుబు. ఏ కప్పులో ఏముందో దేవుడికెరుక. నువ్వేదంటే దానికి తల ఊపుతున్నా."

ఒకరి ముక్కు మూసుకుపోయి, ఇంకొకరి ముక్కు మరీ తెరుచుకుపోయి, మధ్యలో ఒక మంచి టీ గంగలో కలిసేది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వాపుకోలేకపోయారు. మాస్టారు తన జలుబు సంగతి మాత్రమే పైవాళ్ళకి చెప్పి, చివాట్లు తిని, ఇంకో గోదాము నుంచి మనిషిని పిలిపించాడు. సరుకు నిలబడింది. ఆమె సంగతి బయటికి పొక్కలేదు. పొక్కలేదని ఆ ఇద్దరే అనుకున్నారు.

మర్నాటి నుంచి జుర్రే పని ఆ కొత్త మనిషికీ, జలుబు తగ్గాక మాస్టారికీ పడింది. ఆమె ఆకు రంగూ, పొడి ఎంత నలిగిందీ కంటితో చూసి చెప్పేది. కడుపులో మాత్రం తిరగలి ఆగేది కాదు. ఇంట్లో భర్త పుదీనా పేస్టు మానేసి ఉప్పుతో పళ్ళు తోముకున్నాడు, నూనె మరకల చొక్కా గుమ్మం బయటే విప్పి లోపలికొచ్చాడు, తాలింపు వెయ్యొద్దని పక్కింటివాళ్ళని బతిమాలినంత పని చేశాడు. సాయంత్రాలు ఆమె అన్నం మొహం చూడలేక, ఒక రొట్టె ముక్క చేత్తో పట్టుకుని అరగంట కూర్చునేది. అయినా ఒక్కసారీ విసుక్కోలేదు. వాంతి అయిన ప్రతిసారీ మొహం కడుక్కుని, ఉన్నావుగా, ఉండు అనుకునేది.

ఇక హాలు సంగతి. మాస్టారి జుర్రు పిల్లి పాలు నాకినట్టు ఉంటుంది. కొత్త మనిషిది దగ్గినట్టు ఉంటుంది. పెద్ద జుర్రు ఎందుకు ఆగిపోయిందో పిల్లల్ని కన్న ఆడవాళ్ళకి ఒకరు విడమర్చి చెప్పాలా? మొదటి పూటే తెలిసిపోయింది. అయితే ఈసారి ఒక్కళ్ళూ ఆమెని అడగలేదు. తలనూనె ఘాటుగా పెట్టుకునే ఇద్దరు దూరపు బల్లకి మారారు. ఆమె గదిలో బల్ల చివరికి ఎక్కణ్ణించో మూత ఉన్న డబ్బా ఒకటి వచ్చింది. దాన్నిండా కరకరలాడే రొట్టె ముక్కలు, అయిపోయినప్పుడల్లా నిండేవి. మాస్టారి పనేమో అనుకుంది. ఒకరోజు ముందుగా వచ్చి చూస్తే, డబ్బా నింపుతూ తూకాలత్త దొరికిపోయింది.

"హాల్లో ఎలకలు ఎక్కువయ్యాయి. అందుకని ఇక్కడ పెడుతున్నా" అంది తూకాలత్త, ఆమె మొహం చూడకుండా.

"మంచి పని చేశారత్తా" అంది జుర్రక్క.

తూకాలత్త గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "కిందటేడు నేనో మాటన్నాను. అనకుండా ఉండాల్సింది" అని, సమాధానం వినకుండా వెళ్ళిపోయింది. ఏడాదిగా గుచ్చుకుంటున్న ముల్లు అంత తేలిగ్గా ఊడిపోతుందని జుర్రక్క అనుకోలేదు.

మూడో నెల చివర్లో ఒక పొద్దున ఆమె కళ్ళు తెరిచింది. పక్కింట్లో తాలింపు ఘుమఘుమలాడుతోంది. హాయిగా ఉంది. ఆకలేస్తోంది. దిగ్గున లేచి కూర్చుంది. పోయినసారి కూడా ఒంట్లో ఇలాగే అంతా నిమ్మళంగా ఉండేది. భర్త భుజం తట్టి, "ఏమండీ, ఆగిపోయాయి" అంది.

ఆయన వెంటనే లేచి బట్టలు మార్చుకున్నాడు. ఆస్పత్రి భవనంలో, లిఫ్టు బటను ఒకసారి నొక్కితే చాలు, ఊరికే పొడిచి చంపకండి అని లోకానికంతా చెప్పే మనిషి, ఆ బటను మీద వేలు ఎత్తకుండా పొడుస్తూనే ఉన్నాడు. ఆమె ఆ చెయ్యి మీద తన చెయ్యి వేసి ఆపింది. ఆమెకీ భయంగానే ఉంది.

మూడో నెల దాటే వేళకి చాలామందికి తగ్గిపోతాయమ్మా, ఎవరికో తప్ప అంతకన్నా సాగవు అంది డాక్టరమ్మ. నా మాట మీద ఉండొద్దు, నువ్వే విను అంటూ కడుపు మీద చల్లటి పరికరం పెట్టింది. కాసేపు ఏమీ లేదు. ఆ కాసేపట్లో ఆమె గేటు తాతనీ, హాల్లో ప్రతి మొహాన్నీ చూసేసింది. అంతలో గబగబా, ఎవరో ఎక్కడికో తొందరగా పోతున్నట్టు, గుండె చప్పుడు. లిఫ్టులాయన గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

గోదాముకి ఆలస్యంగా చేరింది. ఇన్నాళ్ళలో ఆమె ఆలస్యంగా రావడం కిందటేడు కడుపు పోయినప్పుడు ఒక్కసారే. ఆమె హాల్లో అడుగు పెట్టగానే చేతులన్నీ ఆగిపోయాయి. తూకాలత్త ఖాళీ కాటా ముల్లు వంకే చూస్తోంది. జుర్రక్కకి చెప్పాలనే ఉంది. అసలు ఉందని ఎవరికీ చెప్పని బిడ్డ గురించి, బాగుందని ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. వాళ్ళ మధ్యలోంచి తలుపు దాకా నడిచి లోపలికి వెళ్ళిపోయింది.

బల్ల మీద కప్పులు సిద్ధంగా ఉన్నాయి. మొదటిది ఆ చిన్న తోటవాళ్ళదే, ఆనాటి రాగి రంగు టీ. మాస్టారు ఆమె మొహం చూసి, ఏమీ అడక్కుండా పక్కకి జరిగి చెంచా ఇచ్చాడు. ఆమె ముంచింది. పెదాల దగ్గర పెట్టుకుని, ఊపిరంతా కూడగట్టుకుని జుర్రింది.

గోడ అవతల ఎవరో ముక్కు చీదుకున్నారు. దాని వెనకే తూకాలత్త గొంతు, అరవబోయి అరవలేక బొంగురుపోయి, "వినపడిందిగా అందరికీ. ఇంక పని చూసుకోండి" అంది.

జుర్రక్క తొట్టిలోకి ఉమ్మేసి, కళ్ళు తుడుచుకుని, "బాగుంది, రాసుకోండి మాస్టారూ" అంది.